సీపత్ రైలు ఊరి సరుకునూ మోయాలి

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గరున్న సీపత్ ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. దీనికి బొగ్గు ప్రధానంగా కోర్బా జిల్లాలోని దీప్కా గని నుంచి ప్రత్యేక రైలు మార్గంలో వస్తుంది. గనిలో నింపుకున్న రైలు కేంద్రంలో దింపి మళ్లీ గనికి వెళుతుంది. రంగులరాట్నంలా తిరుగుతుంది కాబట్టి దీన్ని ‘మెర్రీ గో రౌండ్’ అంటారు. మన రామగుండంలోనూ ఇదే పద్ధతి. రైలు నెమ్మదిగా కదులుతుండగానే వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుని, బొగ్గు పట్టాల కింది తొట్టిలో పడుతుంది.

ఈ చిన్న లైను చేస్తున్న మేలు తక్కువేమీ కాదు. యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.65 కిలోల బొగ్గు అనుకుంటే, కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 46 వేల టన్నులు కావాలి. అదంతా 25 టన్నుల లారీల్లో తేవాలంటే రోజుకు 1,800కు పైగా లోడ్లు! ఆ దుమ్ము, ఆ ప్రమాదాలు దారి పొడవునా ఊళ్లకు తప్పాయి. పైగా పట్టా మీద ఉక్కు చక్రానికి ఎదురయ్యే దొర్లుడు ఘర్షణ, రోడ్డు మీద లారీ టైరుకు ఎదురయ్యేదానిలో సుమారు ఐదో వంతే. డీజిల్ ఆదా అక్కడే.

అయితే ఇది ఒకే సరుకు, ఒకే యజమాని కోసం వేసిన లైను. చుట్టుపక్కల ధాన్యం మిల్లుకో, ఇటుకల బట్టీకో దానితో పని లేదు. అమెరికాలో 1980 నాటి స్టాగర్స్ చట్టం తర్వాత పెద్ద కంపెనీలు వదిలేసిన లైన్లను చిన్న సంస్థలు తీసుకున్నాయి. ఇప్పుడు అక్కడ ఇలాంటివి సుమారు 600 ఉన్నాయి. ధాన్యం గోదాం నుంచి రెండు వ్యాగన్లు, కలప మిల్లు నుంచి మూడు సేకరించి ప్రధాన లైనుకు అందిస్తాయి. స్థానిక అభివృద్ధికి తోడ్పడేది ఆ సేకరణే. మన దగ్గర సరుకు రవాణా ఎక్కువగా పూర్తి రేకుల లెక్కన సాగుతుంది. ఒక రేకంటే వేల టన్నులు. చిన్న మిల్లు యజమాని అంత ఎక్కడ తేగలడు? లారీయే దిక్కు.

బొగ్గు సరఫరాకు అడ్డొస్తుందన్న అభ్యంతరం సబబే. అడుగు నుంచి దింపే బొగ్గు వ్యాగన్లలో బియ్యం బస్తాలు పంపలేం కూడా. అందుకే బొగ్గు మార్గాన్ని కదపకుండా, ప్రధాన లైనుకు కలిసేచోట అందరికీ ఒక ఉమ్మడి ప్లాట్‌ఫాం కట్టాలి. 2021 డిసెంబరులో వచ్చిన గతిశక్తి కార్గో టెర్మినల్ విధానం ఇలాంటి వాటికి దారి చూపింది. దానికి తోడు కొద్ది వ్యాగన్ల సరుకునూ కూడగట్టి రేకు నింపే ఏర్పాటు ఉండాలి. మొదటి సరుకు సిద్ధంగానే ఉంది. బొగ్గులో 30 శాతం బూడిద అనుకున్నా రోజుకు 14 వేల టన్నుల దాకా మిగులుతుంది. సిమెంటుకు, ఇటుకలకు అది ముడిసరుకు.

ఈ ప్రశ్న మనదీ. సింగరేణి, రైల్వే కలిసి బొగ్గు కోసం భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల లైను వేశాయి. అది ఆయిల్‌పామ్, మామిడి పండే ప్రాంతం. గని ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవుతుంది. అప్పటికి ఆ పట్టాలకు వేరే సరుకు అలవాటై ఉంటేనే లైనూ బతుకుతుంది, ఊరూ బతుకుతుంది.