తాత తుపాకీ లక్షలు పలుకుతుందా? అమ్మే ముందు ఈ లెక్క చూసుకోండి

రాయలసీమ పాత మిద్దెల్లో అక్కడక్కడా ఇంకా కనిపిస్తుంటుంది.. బీరువా మూలన గుడ్డ చుట్టిన తాతల కాలం నాటి వేట తుపాకీ. ఫోన్‌లో విదేశీ వేలం వీడియో చూడగానే వచ్చే ప్రశ్న ఒక్కటే. 'మనదెంత పలుకుతుంది?' ఒంటిమిట్ట, సిద్ధవటం లాంటి అడవి అంచు ఊళ్లలో ఈ ప్రశ్నకు ధర కంటే ముందు వేరే జవాబు చెప్పుకోవాలి.

ఏమిటీ కాంబినేషన్ గన్?

ఒకే తుపాకీలో రెండు రకాల గొట్టాలు. ఒకటి లోపల నున్నగా ఉంటుంది, పక్షుల మీదికి పెల్లెట్ల తూటా. రెండోదాంట్లో మెలి తిరిగిన గాళ్లు, పెద్ద జంతువుకు రైఫిల్ తూటా. జర్మన్లు మూడు గొట్టాలతో చేసి 'డ్రిల్లింగ్' అన్నారు. దక్షిణాఫ్రికా వైపు వెళ్లింది 'కేప్ గన్'. ఇండియాలో వేటగాళ్లకు నచ్చింది 'పారడాక్స్'. 1885లో ఫాస్బెరీ పేటెంట్ తీసుకోగా, హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ తయారుచేసింది. గొట్టం చివర మాత్రమే గాళ్లుంటాయి. నికరంగా ఇది కాంబినేషన్ కాదు గానీ, చేసే పని అదే.

అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

పైన చెక్కిన కంపెనీ పేరు చూసి మురిసిపోవద్దు. పేరు ఎవరైనా చెక్కొచ్చు. గొట్టాల అడుగున లండన్, బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్రలు ఉన్నాయా? గొట్టాలు, బాడీ, ముందు చెక్క.. అన్నింటి మీదా ఒకటే నంబర్ ఉందా? ఇవి కుదరకపోతే విడిభాగాలు కలిపి కట్టిన తుపాకీ అయ్యుండొచ్చు.

చాలామంది చేసే తప్పు ఇంకోటి ఉంది. తుప్పు పోవాలని గరుకు కాగితంతో రుద్దేస్తారు. చెక్కడాలు అరిగాయా, విలువ కూడా అరిగినట్టే. పాత పెట్టె, కొన్న రసీదు ఉంటే మాత్రం ధర పెరుగుతుంది.

అరుదైనదంటే ఖరీదైనదేనా?

ఇక్కడే అసలు మెలిక. వ్యక్తులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది. అందుకే వాడుకకు పనికొచ్చే పాత విదేశీ తుపాకీకి ఇక్కడ గిరాకీ. కానీ కాంబినేషన్ గన్‌లో రైఫిల్ గొట్టానికి తూటా దొరకాలి కదా! పాత సైజు తూటాలు మార్కెట్లో లేవు. అంటే వస్తువు అరుదే, కొనేవాళ్లు ఇంకా అరుదు.

పైగా 2019 డిసెంబర్‌లో వచ్చిన ఆయుధ చట్ట సవరణ ఒక్కో లైసెన్సుదారుకు తుపాకుల పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినా ఇదే లెక్క. చేతిలో ఉన్న రెండింటిలో ఒకటి వదులుకుని, తూటా దొరకని తుపాకీ కొనేదెవరు? విదేశాలకు పంపుదామా అంటే, వందేళ్లు దాటితే అది పురావస్తువు లెక్కలోకి వస్తుంది. 1972 చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దాన్ని ఎగుమతి చేయడానికి లేదు.

వందేళ్లు దాటితే లైసెన్స్ అక్కర్లేదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కాలం చెల్లిన ఆయుధానికి 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, నిజమే. కానీ ఒక షరతు. మరమ్మతు చేసినా పేలకూడదు. బాగుచేస్తే పేలుతుందంటే, ఎంత పాతదైనా అది తుపాకీయే.

లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు. నాటు తుపాకులు, ఎర్రచందనం కేసులతో పోలీసుల కన్ను ఎప్పుడూ ఉండే ఈ ప్రాంతంలో 'మా తాత జ్ఞాపకం సార్' అంటే చెల్లదు.

ఇప్పుడేం చేయాలి?

లైసెన్సుదారు చనిపోతే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో తుపాకీ జమ చేయాలి. తర్వాత వారసుల పేరిట లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్స్ ఉండి వేరేవాళ్లకు అమ్మాలనుకుంటే కలెక్టర్‌కు గానీ, పోలీస్ స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలపాలి. 45 రోజులు ఆగాలి. కొనేవారికీ లైసెన్స్ ఉండాలి.

మొత్తంగా చూస్తే, మన దగ్గర పాత తుపాకీ విలువలో సగం ఇనుములో ఉంటే, సగం కాగితంలో ఉంది. వేలం వీడియో తర్వాత చూడొచ్చు. ముందు లైసెన్స్ పుస్తకం ఎక్కడుందో వెతకండి.