శుభ్రం చేసే పనిలో యజమాని ఎవరు?



మన సంచికలో డాక్టర్, ఇంజనీరు చదువుల గురించి, గ్రూప్స్ పరీక్షల గురించి వ్యాసాలు వస్తుంటాయి. రావాలి కూడా. నేను మాత్రం ఈసారి ఎవరూ రాయని ఒక పని గురించి రాస్తున్నాను. ఒక చిన్న వ్యాను, అందులో ఒక యంత్రం, కొన్ని పైపులు. వాటితో ఇళ్లకు, ఆఫీసులకు, హోటళ్లకు వెళ్లి తివాచీలు, సోఫాలు శుభ్రం చేసే పని. హాస్టల్లో మనకు కార్పెట్ అంటే నేల మీద పరుచుకుని పడుకునే జంపఖానా. హైదరాబాద్ ఆఫీసుల్లో అదే పేరుతో గోడ నుంచి గోడ దాకా అతికించిన పరుపు ఉంటుంది. దాన్ని ఎత్తి దులపడం కుదరదు. యంత్రమే దాని దగ్గరికి పోవాలి. ఈ పనిలో నేను కొన్నేళ్లుగా ఉన్నాను.

ఈ మాట చెప్పగానే మొన్న ఒక తమ్ముడు సూటిగా అడిగాడు. "అన్నా, చీపురు వదిలించుకోవాలనే కదా మా నాన్న నన్ను హాస్టల్లో చేర్చింది? మళ్లీ కడిగే పనికే పొమ్మంటావా?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీన్ని నవ్వి దాటేయకూడదు. దీనికి జవాబుగానే ఈ నాలుగు మాటలు.

అవమానం పనిలో ఉందా?

మురికి పోగొట్టడం చెడ్డ పని కాదు. ఆస్పత్రిలో నర్సమ్మ చేసేది కూడా ఒక రకంగా అదే. మరి మన పెద్దలు చీపురు పట్టినప్పుడు అది అవమానం ఎందుకయింది? మూడు కారణాలు చెప్పవచ్చు. ఆ పనిని వాళ్లు ఎంచుకోలేదు, పుట్టుకే ఎంచింది. దాని ధర వాళ్లు చెప్పలేదు, చేయించుకున్నవాడు చెప్పాడు. లెక్క, పెత్తనం వాళ్ల చేతిలో లేవు. డాక్టర్ అంబేద్కర్ 1936లో అచ్చువేసిన కులనిర్మూలన గ్రంథంలో వాదించింది కూడా ఇదే. మనిషి తన శక్తినిబట్టి, ఇష్టాన్నిబట్టి పని ఎంచుకునే హక్కును కులం లాగేసుకుంటుందని ఆయన చూపించారు.

కాబట్టి ఏ పని ఎదురైనా మనం అడగవలసిన ప్రశ్నలు మూడు. ఇది నేను ఎంచుకున్నదేనా? దీని ధర ఎవరు చెబుతున్నారు? పనిముట్టు ఎవరిది? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే తివాచీ కడిగే వ్యాను కూడా గౌరవమైన వ్యాపారమే. జవాబు దొరక్కపోతే ఏసీ గదిలో ఉద్యోగమైనా వెట్టిచాకిరీ లాంటిదే.

గుర్రపు బండిమీద వచ్చిన యంత్రం

ఈ పనికి ఒక చరిత్ర ఉంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్మును పీల్చే యంత్రానికి పేటెంటు పొందాడు. అంతకుముందు ఉన్న యంత్రాలు దుమ్మును ఊదేవి. ఊదితే దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది, పీల్చాలి అన్నది ఆయన ఆలోచన. ఆ యంత్రం ఎంత పెద్దదంటే గుర్రపు బండిమీద తెచ్చి వీధిలో నిలిపేవారు. పొడవాటి పైపులు కిటికీల్లోంచి లోపలికి పంపి తివాచీలు శుభ్రం చేసేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబేలో తివాచీలు దానితోనే శుభ్రం చేశారు. అంటే బండిలో యంత్రం పెట్టుకుని ఇంటింటికీ పోయే ఈ వ్యాపారానికి నూట ఇరవై ఏళ్లు దాటాయి. బూత్‌ను ఎవరూ పాకీవాడు అనలేదు. ఇంజనీరు అన్నారు. యంత్రం ఆయనది, ధర చెప్పిందీ ఆయనే.

రెండో కథ మనం ఇంకా జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణంలో ఊడ్చే ఉద్యోగి. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడు లేచే దుమ్ముకు ఊపిరాడేది కాదు. అందుకని ఫ్యాను మోటారు, సబ్బుల పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి చేత్తో నడిపే కరెంటు యంత్రం తయారుచేశాడు. 1908లో పేటెంటు వచ్చింది. కానీ తయారీకి పెట్టుబడి లేక హక్కులను హూవర్ కుటుంబానికి అమ్మాడు. రాయల్టీ అందింది గానీ ప్రపంచానికి తెలిసిన పేరు మాత్రం హూవర్. ఇంగ్లండులో ఈనాటికీ ఇల్లు ఊడ్చే యంత్రాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

దుమ్ములో ఉన్నవాడికే దుమ్ము బాధ తెలుసు, దాని విరుగుడూ తోచింది. పెట్టుబడి లేకపోవడంవల్ల పేరు, వ్యాపారం చేయిమారాయి. మన పిల్లలకు తెలివి కొత్తగా నేర్పనక్కరలేదు. ఆ తెలివి చేయిమారకుండా కాపాడుకోవడం నేర్పాలి.

పదో తరగతి సైన్సే పెట్టుబడి

విదేశాల్లో రెండు రకాల ఏర్పాట్లున్నాయి. ఒకటి, వ్యానులోనే బిగించిన పెద్ద యంత్రం. అది ఇంజనుతో నడుస్తుంది, వ్యాను నుంచి ఇంట్లోకి పైపులు లాగుతారు. రెండోది, చక్రాలమీద తోసుకుపోయే పోర్టబుల్ యంత్రం. పదో అంతస్తుకు పైపు అందదు గనుక మన అపార్ట్‌మెంట్లకు రెండోదే సరిపోతుంది.

దీనిలో రెండు తొట్లు ఉంటాయి. ఒకదానిలో మందు కలిపిన శుభ్రమైన నీళ్లు. పంపు ఆ నీళ్లను వత్తిడితో తివాచీ పోగుల్లోకి చిమ్ముతుంది. అదే గొట్టం చివర ఉన్న సన్నని నోరు మురికి నీళ్లను వెనక్కి పీల్చి రెండో తొట్టిలో పోస్తుంది. చల్లడం ఎవరైనా చల్లుతారు. వెనక్కి లాగడంలోనే పనితనం ఉంది. ఒకసారి తడిపితే రెండుసార్లు ఉత్తినే పీల్చాలి. అడుగున జనపనార ఉన్న తివాచీలో తేమ నిలిస్తే పైకి గోధుమరంగు మరకలు తేలతాయి. రోజంతా ఆరకపోతే వాసన, ఆపైన బూజు. ముసురు పట్టిన రోజుల్లో పెద్ద ఫ్యాను వెంట లేకుండా ఈ పనికి పోకూడదు.

ఇక కరెంటు. వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేయడమని మీరు చదువుకున్నారు. ఇళ్లలో చిన్న సాకెట్టు 6 ఆంపియర్లు, 230 వోల్టులతో హెచ్చవేస్తే 1,380 వాట్లు. పెద్ద సాకెట్టు 16 ఆంపియర్లు, అంటే 3,680 వాట్లు. రెండు మోటార్లు, పంపు, నీళ్లు కాచే హీటరు ఉన్న యంత్రాన్ని చిన్న సాకెట్టులో పెడితే ఏమవుతుందో లెక్క మీరే వేయండి. ఇల్లు చీకటి, యజమానురాలి కోపం. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ వాడినా, చుట్ట విప్పకుండా వాడినా తీగ వేడెక్కి కాలుతుంది. తడి నేలమీద ఎర్తు లేని యంత్రం ప్రాణం తీస్తుంది. జనరేటరును మూసిన వ్యానులో ఎప్పుడూ నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషి నిద్రలోకి జారినట్టు పోతాడు.

తర్వాత రసాయనం. ఉన్ని కూడా మన వెంట్రుకలాగా ప్రోటీనే. గాఢమైన క్షారం దాన్ని తినేస్తుంది. నైలాన్ తివాచీకి వాడే మందునే ఏలూరు ఉన్ని తివాచీమీద పోస్తే పాడవుతుంది. తటస్థంగా, pH 7 దరిదాపుల్లో ఉండే మందు కావాలి, నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. వరంగల్ జంపఖానాలు నూలువి, 2018లో భౌగోళిక గుర్తింపు పొందినవి. వాటికి రంగు కారుతుందేమో ముందు చూసుకోవాలి. మూలన ఒకచోట తడి తెల్లగుడ్డ అద్ది, గుడ్డకు రంగు అంటితే యంత్రం పెట్టవద్దు. ఆ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పే ధైర్యం ఉండాలి. అంత ధైర్యం చదువువల్లే వస్తుంది. కాబట్టి చదువు ఆపేసి ఈ పనికి రండి అని నేను అనడం లేదు. చదివినవాడు చేస్తేనే ఇది వ్యాపారం, చదవనివాడికి కూలిపని అంటున్నాను.

వ్యాను లెక్క, మనిషి లెక్క

లీటరు నీళ్లు కిలో బరువు. 50 లీటర్ల తొట్టి నింపితే యంత్రం బరువుకు మరో 50 కిలోలు కలుస్తాయి. నిండు తొట్టితో వ్యాను నడిపితే మలుపులో అది మీద పడుతుంది. తొట్లు ఖాళీ చేసి, యంత్రాన్ని పట్టీలతో కట్టి కదలాలి. మురికి నీళ్లు రోడ్డుపక్క కాలువలో పోయకూడదు, పీచు వడగట్టి బాత్రూం తూములో పోయాలి. మందులను కూల్‌డ్రింక్ సీసాల్లో పోయవద్దు. దాహమేసిన హెల్పరు ఎత్తి తాగితే ఏమిటి గతి?

డబ్బు లెక్క ఇంతకన్నా ముఖ్యం. ఉదాహరణకు యంత్రం 60,000 రూపాయలు, మూడేళ్లు నడుస్తుందనుకుందాం. నెలకు దాదాపు 1,670 రూపాయలు యంత్రం అరుగుదలకే పక్కన పెట్టాలి. దానిపైన వ్యాను వాయిదా, డీజిలు, ఇన్సూరెన్సు, హెల్పరు జీతం, పని దొరకని రోజులు. ఇవన్నీ వేసుకోకుండా "అందరికన్నా తక్కువకు చేస్తాను" అన్నవాడు తన యంత్రాన్ని తానే తింటున్నట్టు లెక్క. 2015లో మొదలైన ముద్ర పథకం కింద 50,000 వరకు శిశు రుణం, 5 లక్షల వరకు కిశోర్ రుణం తీసుకోవచ్చు. రుణం దొరకడంతో పని అయిపోదు. పుస్తకంలో రోజూ జమాఖర్చు రాసేవాడిదే వ్యాను, రాయనివాడిది ఫైనాన్సు కంపెనీది.

ఇప్పుడు ఫోన్లో యాప్‌లు వచ్చాయి. పనులు తెచ్చిపెడతాయి, నిజమే. మనల్ని పార్ట్‌నర్ అని పిలుస్తాయి. కానీ ధర అవే చెబుతాయి, కమీషన్ అవే కోస్తాయి, చుక్కలు తగ్గితే పని ఆపేస్తాయి. మొదట చెప్పిన మూడు ప్రశ్నలు ఇక్కడ మళ్లీ అడగండి. మొదట్లో పరిచయాలకోసం యాప్‌లో పనిచేస్తే తప్పులేదు. జీవితమంతా దాని సంచీ మోయడానికైతే వ్యాను ఎందుకు?

మరో మాట. కొన్ని అపార్ట్‌మెంట్లలో పనివాళ్లు ఈ లిఫ్టు వాడరాదని బోర్డు ఉంటుంది. యంత్రం మెట్లమీద మోయమంటారు. ఒప్పుకోకండి. లిఫ్టు ఉంటేనే పని అని ఫోన్లోనే చెప్పండి. అలాగే "శుభ్రం చేసేవాళ్లే కదా, ఆ సెప్టిక్ ట్యాంకు కూడా చూడండి" అని అడిగేవాళ్లుంటారు. ఎంత ఇస్తానన్నా దిగవద్దు. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. అలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. పోయిన మనిషి 30 లక్షలకు తిరిగి రాడు. పాకీపని నిర్మూలనకు జీవితం ధారపోసిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన పోరాడుతున్న గోతిలోకే మనం వ్యాను వేసుకుని పోతే ఎలా?

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం

ఏటా ర్యాంకు వచ్చిన పిల్లలకు బహుమతులిస్తున్నాం, సంతోషం. ఆగిపోయిన పిల్లల సంగతి కూడా చూద్దాం. మనలో ఆఫీసర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు. అందరం తలా కొంత వేసుకుంటే ఒక యంత్రం వస్తుంది. ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు, చెల్లెళ్లు వాటాదార్లుగా నడుపుకోవచ్చు. ఆడపిల్లలున్న బృందాన్నయితే ఇల్లాళ్లు మరింత నమ్మకంగా ఇంట్లోకి రానిస్తారు. మీ ఆఫీసు తివాచీల పని వాళ్లకు ఇప్పించండి. సరైన ధర ఇవ్వండి, బిల్లు ఆపకుండా చెల్లించండి. దానంగా ఇవ్వవద్దు, పని చూసే ఇవ్వండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదట చదవండి. చదివినంత చదవండి. కలెక్టరు కావాలనుకుంటే కలెక్టరే కండి. ఏ కారణంచేతైనా దారి మారి వ్యాను ఎక్కవలసివస్తే తల దించుకుని ఎక్కవద్దు. స్టీరింగు మీ చేతిలో, జమాఖర్చు పుస్తకం మీ జేబులో, ధర మీ నోట ఉండేలా చూసుకోండి. ఆ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఇదే: కడిగే పనికి పొమ్మనను, ఆ పని నీ చేతికి వస్తే దానికి యజమానివి కమ్మంటాను.

— ఒక పూర్వ విద్యార్థి