గడ్డపోతారము కార్మికుని ఊపిరి

గడ్డపోతారము, కాజీపల్లి, బొల్లారము, పాశమైలారము: ఇవి పూర్వము పల్లెల పేర్లు, నేడు కర్మాగారముల పేర్లు. ఇచ్చటి మందులు దేశదేశములకు పోవుచున్నవి. అందులకు గర్వించుట తప్పుకాదు. కాని ఆ మందును వండెడి కూలివాడు రియాక్టరు ప్రక్కను తెలివితప్పి పడినచో మొదటి నాలుగైదు నిమిషములు వానికెవరు దిక్కు?

2025 జూన్ 30 నాడు పాశమైలారమున జరిగిన ప్రేలుడులో ఏబదిమందికి పైగా అసువులు బాసిరి. అట్టి ఘోరమునకు ప్రథమచికిత్స మందు కాదు. దాని విచారణ వేరు. మేము చెప్పునది విషవాయువు పీల్చియో, విద్యుద్ఘాతము తగిలియో నేలకొరిగిన యొంటరివానిని గూర్చి. గుండె ఆగినపిదప సాయమందని ప్రతి నిమిషమును బ్రతుకు ఆశను నూటికి ఏడు మొదలు పదివంతుల వరకు హరించును. 108 బండి యెంత వేగముగ వచ్చినను ఆ గడువులో చేరుట యరుదు. కావున తోడి కార్మికుని చేతులే వానికి వైద్యుడు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ కడ నొక ట్రాఫిక్ కానిస్టేబులు, దారిలో కుప్పకూలినవాని రొమ్మునదిమి ప్రాణము నిలిపెను. మరుసటి నెలలోనే ప్రభుత్వమువారు సి.పి.ఆర్. శిక్షణ నారంభించిరి. మంచిపని. కాని వీథిలో పనికివచ్చు పాఠమే కర్మాగారమునకు చాలదు. ఊపిరాడక గుండె ఆగినవాని రక్తమున ప్రాణవాయువే యుండదు. రొమ్మునదుముట యొక్కటే చాలక, శ్వాసయు నందింపవలెను. రొమ్ము నడుమ, నిమిషమునకు 100 మొదలు 120 మారులు, రెండంగుళముల లోతునకు అదుముచు, ప్రతి 30 అదుములకు రెండు శ్వాసలీయవలెను.

ఇచ్చటనే చిక్కు కలదు. హైడ్రోజన్ సల్ఫైడు పీల్చినవాని నోట నోరుంచినవానికిని ముప్పే. అందులకు అంబు సంచి కావలయును. అంతకుముందు వానిని గాలి తగులు చోటికి చేర్పవలెను. శ్వాసపరికరము లేక గుంటలోనికి దుమికిన రెండవవాడు రెండవ శవమగును. అట్టివాని సాహసమును పొగడి యజమానులు చేతులు దులుపుకొనరాదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 150 మందికొక ప్రథమచికిత్స పెట్టెను, దానికి శిక్షణ పొందిన బాధ్యుని విధించినది. పెట్టె గోడకు వ్రేలాడుచుండవచ్చును. ఆ బాధ్యుడు రాత్రిపాళీలో నెచ్చటనుండును? ఒరిస్సా, బిహారు ప్రాంతముల నుండి కాంట్రాక్టరు తెచ్చిన పిల్లవానికి వాని పేరైనను తెలియునా?

ప్రతి పాళీలో, ప్రతి విభాగమున ఇద్దరేసి శిక్షితులుండవలెను. శిక్షణ కూలి కోయక పనివేళలలోనే, తెలుగు, హిందీ, ఒరియా భాషలలో జరుగవలెను. తనిఖీకి వచ్చు నధికారి సంతకములు చూచి పోక, అర్ధరాత్రి యొక బొమ్మను నేలపై పరుండబెట్టి, ఎదుట నున్న కార్మికుని పిలిచి, చేసి చూపుమని యడుగవలెను.