ఒకే రాత్రి ఇద్దరు విజేతలు
2000 నవంబరు 7 రాత్రి న్యూజెర్సీలో నలుగురు తెలుగు కుర్రాళ్లం అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాల కోసం టీవీకి అతుక్కుపోయాం. మాకు ఓటు లేదు, హెచ్‌1బీ వీసా మాత్రం ఉంది. ఎనిమిది కాకముందే ఫ్లోరిడా డెమోక్రాట్ అభ్యర్థి గోర్‌దన్నారు. పదింటికి నాలిక కరుచుకున్నారు. రెండు దాటాక రిపబ్లికన్ అభ్యర్థి బుష్ అధ్యక్షుడన్నారు. తెల్లవారుజామున అదీ వెనక్కి తీసుకున్నారు. పెద్ద ఛానెళ్లన్నీ ఎగ్జిట్ పోల్ లెక్కలు తెచ్చుకున్నది ఒకే సంస్థ నుంచి మరి!

ఆ తర్వాత ఫ్లోరిడాలో రీకౌంటింగ్ మొదలైంది. నాకు ఇప్పటికీ కళ్లకు కట్టేది చిల్లు సరిగా పడని అక్కడి బ్యాలెట్ కాగితాలే. వాటిని వెలుతురుకెత్తి, భూతద్దం పెట్టి చూశారు అధికారులు. మా ఊరి పంచాయతీ లెక్కింపే నయమనిపించింది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో రీకౌంటింగ్‌కు తెరపడింది. దేశమంతటా అయిదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న గోర్, ఫ్లోరిడాలో 537 ఓట్లతో ఓడి అధ్యక్ష పదవి పోగొట్టుకున్నాడు.