పాత ఎపిస్కోపును కొనదలచిన సోదరీమణులకు

పుస్తకములోని అరచేయంత లతను పరదాపై బారెడు పొడవున దింపవలసి వచ్చినప్పుడు మనము గళ్లు గీసికొని, గడివెంట గడిగా పెంచుకొందుము. నేర్పరులకు అది చాలును. గోడనిండ నొక చిత్రమును దింపదలచినవారికి మాత్రము ఎపిస్కోపు అను యంత్రము మిక్కిలి తోడ్పడును. దీనికే ఒపేక్ ప్రొజెక్టరని మరియొక పేరు. ఒకప్పుడు పాఠశాలలలో పుస్తకపు పుటను పిల్లలందరకు ఒక్కమారుగా చూపుటకు దీనిని వాడెడివారు. ఇప్పుడా పనికి కెమెరాతో కూడిన యంత్రములు వచ్చినందున ఇది పాతసామానుగనే యెక్కువగా అమ్మకమునకు వచ్చుచున్నది. వెల తక్కువయని వెంటనే రొక్కము చెల్లింపక, దాని లోపలి సంగతి కొంత తెలిసికొనుట మేలు.

మేజిక్ లాంతరులో గాజుపలకపై నున్న బొమ్మగుండ వెలుతురు దూసికొనిపోయి తెరపై బడును. కాగితముగుండ వెలుతురట్లు పోజాలదు. కావున ఎపిస్కోపులో దీపమును బొమ్మకు ఎదుటనే యుంచి, బొమ్మపై బడి మరలివచ్చు కాంతిని అద్దముతో మళ్లించి, కటకముద్వారా గోడపైకి పంపుదురు. ఆ అద్దము లేనిచో అక్షరములు కుడియెడమలు తారుమారై కనబడును. ఇట్టి యంత్రమును ఆయిలర్ అను గణితశాస్త్రజ్ఞుడు 18వ శతాబ్దమునందే వర్ణించియుండెను.

ఇందలి చిక్కంతయు వెలుతురులోనే యున్నది. కాగితముపై బడిన కాంతి నలుదిక్కులకు చెదరిపోవును. కటకములోనికి వచ్చునది స్వల్పము. యంత్రమును గోడకు రెండింతలు దూరముగ జరిపినచో బొమ్మ ఇంచుమించు రెండింతలగును గాని, వెలుగు నాలుగవపాలునకు దిగజారును. అందుచేత గదిని చీకటి చేయక తప్పదు, దీపమును బలమైనది పెట్టక తప్పదు. బడులకై చేసిన పెద్ద యంత్రములలో 1000 వాట్ల దీపము గలవియు నుండెను. అనగా లోపల నొక ఇస్త్రీపెట్టె వేడెక్కుచున్నట్లే! ఆ వేడిని వెడలగొట్టుటకే ఫ్యాను. అది ఆగినచో కాగితము మాడును.

ఇచ్చట నొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఇంటిలో అమ్మమ్మగారి ఫొటో ఒక్కటే మిగిలియుండును. దానిని పెద్దదిగ చిత్రింపవలెనని ముచ్చటపడి అసలు ఫొటోనే యంత్రములో నుంచవలదు. వేడికి అది వంకరలు తిరుగును, పైపూత నెరెలు విచ్చవచ్చును. జిరాక్సు నకలు తీయించి దానినే యుంచుడు.

ఇక బేరము. మొదట వెనుకనున్న రేకును చదువుడు. అమెరికాలో చేసినదైనచో 120 వోల్టులని యుండును. మన ఇండ్లలో నున్నది 230. తిన్నగ తగిలించిరా, దీపము తక్షణమే మాడును, ఫ్యాను కూడ చెడవచ్చును. యంత్రపు వాట్లకు మించిన శక్తిగల ట్రాన్సుఫార్మరును వేరుగ కొనవలెను. దాని ఖరీదును కలుపుకొనియే వెల తేల్చుకొనుడు. దీపపు సంఖ్య వ్రాసికొని అట్టిది ఇప్పటికిని దొరకుచున్నదో లేదో విచారింపుడు. దొరకనిదైనచో, నేడు వెలిగినను ఆ యంత్రము ముందునాళ్లకు పనికిరాదు. పిమ్మట వార్తాపత్రిక నొకదానిని వెంట తీసికొనిపోయి, పావుగంటసేపు వెలిగించి చూపుమని యడుగుడు. ఫ్యాను చప్పుడు, మాడువాసన, మూలలయందలి అక్షరముల స్పష్టత, అన్నియు అప్పుడే తెలియును. వెలిగించి చూపుటకు ఒప్పుకొననివానితో బేరమే వలదు. కటకమును వెలుతురునకెత్తి చూచినప్పుడు లోపల సాలెపట్టువంటి దారములు కనబడినచో అది బూజు. మన కోస్తా తేమలో అది సులభముగ బట్టును, తుడిచిన పోదు. మిక్కిలి పాతవాటిలో దీపమువద్ద తీగెలపై ఆస్బెస్టాస్ చుట్టియుండుట గలదు. దాని పొడి ఊపిరితిత్తులకు హాని. అట్టి తొడుగు చిట్లియున్నచో ఊరక ఇచ్చినను తెచ్చుకొనవలదు.

ఏటికొక దిండుగలీబు కుట్టువారికి ఈ యంత్రము దండుగయే యని నా యభిప్రాయము. జిరాక్సు అంగడిలో నమూనాను పెంచి ఇత్తురు. గోడలపై చిత్రించువారును, కుట్టుపనితో నాలుగురాళ్లు సంపాదించువారును కొన్నచో ఫలమున్నది. వారుకూడ బొమ్మ నుంచు గవాక్షమును కొలుచుకొనవలెను, చిన్నవాటిలో కొన్ని అంగుళముల బొమ్మయే పట్టును. తెచ్చిన పిమ్మట లోపలి అద్దమును గుడ్డతో తుడువకుడు. దాని వెండిపూత సాధారణముగ ముందువైపుననే యుండును, తుడిచిన గీతలు పడును. రబ్బరుబుడ్డితో గాలికొట్టి దుమ్మును పోగొట్టిన చాలును.