క్షమాభిక్ష యను మాట

గల్ఫు దేశములకు కూలికై పోయిన కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములవారి నోట ‘ఖల్లివెల్లి’ యను మాట వినవచ్చును. అరబ్బీలో దానికి ‘పోనిమ్ము, విడిచిపెట్టుము’ అని భావము. కఫీలును, అనగా తన్ను రప్పించుకొన్న యజమానిని విడిచి, వేరొకచోట పని చేసికొనుచు అనుమతిపత్రము లేక నిలిచిపోయినవానికి మనవారు పెట్టుకొన్న పేరది. నేరస్థుడని వారనలేదు. ఈ విషయమున కూలీల భాషాజ్ఞానము మన పత్రికల భాషాజ్ఞానముకంటె ఒక మెట్టు పైననే యున్నది.

ఏలయన, అచటి ప్రభుత్వములు అప్పుడప్పుడు ప్రకటించు సడలింపునకు పత్రికలు ‘క్షమాభిక్ష’ యని నామకరణము చేసినవి. అరబ్బు ఎమిరేట్లు 2018లోను, మరల 2024 సెప్టెంబరు 1 మొదలు డిసెంబరు 31 వరకును అట్టి గడువు నిచ్చినవి. 2024లో జరిమానా లేకుండ స్వదేశము చేరవచ్చును. పని దొరికినవాడు పత్రములు సరిచేసికొని నిలువనువచ్చును. గడువు మీరినందుకు అచట రోజుకు 50 దిర్హాముల జరిమానా, ఏడాదికి 18,250. కూలివాడు తీర్చగల ఋణమా అది? కనుక సడలింపు మేలే. కాని పాస్‌పోర్టు యజమాని పెట్టెలో నుండగా, జీతము బిగబట్టబడగా, గడప దాటినవానిని క్షమించుట యేమి? జీతము బిగబట్టినవాని మాట ఆ పదములో లేనే లేదు. ఏండ్ల తరబడి మేడలు కట్టినవానికి దొరకినది భిక్ష యెట్లగును?

అమెరికా చట్టములో ఇట్టిదానికే ‘రిజిస్ట్రీ’ యని పేరు. పేరు వ్రాసికొనుట యని అర్థము. అందు క్షమయు లేదు, భిక్షయు లేదు. 1929లో అది పుట్టినపుడు, 1921 జూన్ 3కు పూర్వము వచ్చి స్థిరముగా నివసించుచు సత్ప్రవర్తన గలవాడు, ప్రవేశమునకు ఆధారము లేకున్నను, శాశ్వతనివాసమునకు అర్హుడైనాడు. 1958, 1965, 1986లలో ఆ తేదీని ముందునకు జరిపిరి. 1986లో 1972 జనవరి 1గా నిలిపినది నేటికిని కదలలేదు. నాడు 8 ఏండ్ల నివాసము చాలినది, 1986లో 14 ఏండ్లు; నేడు అర్ధశతాబ్దము దాటవలెను! చట్టము రద్దు కాలేదు, ఎండిపోయినది.

దొంగదారిని వచ్చినవారికి ఇది ప్రోత్సాహము కాదా యందురు. ఆ శంక త్రోసివేయదగినది కాదు. వరుసలో నిలిచి యెదురుచూచువారు పలువురు కలరు. అయినను మన 1963 కాలపరిమితి చట్టమే చూడుడు. తన భూమిని పరుడు బహిరంగముగా అనుభవించుచుండ 12 ఏండ్లు ఊరకున్న యజమానికి దానిని తిరిగి పొందు హక్కు పోవును. ప్రభుత్వభూమికైన 30 ఏండ్లు. పరుల నేల నాక్రమించినవానికి కాలము తోడ్పడుచున్నది. ఎవరి నేలయు ఆక్రమింపక కూలి చేసికొని బ్రతికినవానికి అది ఏల తోడ్పడరాదు?

తేదీలు కదలించుట ఆయా ప్రభుత్వముల పని. మాట కదలించుటకు మాత్రము తెలుగు పత్రికలకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ‘క్రమబద్ధీకరణ’ బరువైనచో ‘నివాసపు నమోదు’ చాలును. నమోదు పారసీకమునుండి వచ్చిన మాటయే. దానిని పత్రము లడిగినవారు లేరు.