ఎఫ్ పలకకపోతే తప్పు వేలిదేనా?

గిటార్ నేర్చుకోవడం మధ్యలో మానేసినవాళ్లని ఎక్కడ ఆగిపోయారో అడిగి చూడండి. చాలామంది ఒకే అక్షరం చెబుతారు: ఎఫ్. అంతవరకూ అంతా హుషారే. జి, సి, డి, ఇ మైనర్... నాలుగు కార్డ్‌లు రాగానే నాలుగు సినిమా పాటలు వాయించేస్తారు, ఇంటికొచ్చిన చుట్టాలు కూడా మెచ్చుకుంటారు. ఆ తర్వాత ఎఫ్ వస్తుంది. చూపుడువేలిని మొదటి ఫ్రెట్‌లో అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ ఒక్కసారే నొక్కాలి. దాన్నే బార్ కార్డ్ అంటాం. మీటితే రెండు తీగలు పలుకుతాయి, మిగిలినవి టప్ టప్‌మంటాయి.

"గట్టిగా నొక్కు, బలం అదే వస్తుంది." నేర్పేవాళ్లందరం చెప్పే మాటే ఇది. నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. ఇప్పుడు చెప్పట్లేదు. ఎందుకు మానేశానో చివర్లో చెబుతా.

ముందు ఒక లెక్క చూద్దాం. ఎఫ్ పట్టినప్పుడు ఐదో తీగ మీద ఉంగరపు వేలు, నాలుగో తీగ మీద చిటికెన వేలు, మూడో తీగ మీద మధ్యవేలు ఉంటాయి. అంటే ఆ మూడింటి కింద చూపుడువేలు నొక్కినా నొక్కకపోయినా ఒకటే. అది నిజంగా పలికించాల్సినవి ఆరో తీగ, అటు చివర రెండు, ఒకటి. అంతే! మధ్యలో వేలు కాస్త విల్లులా వంగి ఉన్నా నష్టం లేదు. ఆరూ నొక్కాలని తంటాలు పడేవాళ్లు అక్కర్లేని చోట బలమంతా పోసి, కావలసిన చోట వదిలేస్తారు.

రెండోది, వేలి మెత్తని వైపు. చూపుడువేలిని అరచేతి వైపు నుంచి చూసుకోండి, కణుపుల దగ్గర గీతలు, గుంటలు కనిపిస్తాయి. తీగ సరిగ్గా ఆ గుంటలో పడిందంటే మీరు ఎంత నొక్కినా పలకదు. కాబట్టి వేలిని కొద్దిగా బొటనవేలి వైపు దొర్లించండి. ఆ పక్క కండ తక్కువ, ఎముక గట్టిగా తగులుతుంది. మోచేతిని పక్కటెముకల దగ్గరికి తెచ్చుకుంటే వేలు దానంతటదే అలా దొర్లుతుంది. అప్పటికీ ఒక తీగ మూగబోతే వేలిని రెండు మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో జరిపి చూడండి. ఎఫ్ మైనర్‌లో ఇది మరీ అవసరం, అందులో మూడో తీగ భారం కూడా చూపుడువేలి మీదే పడుతుంది. ఇక వేలు ఫ్రెట్ కమ్మీని దాదాపు తాకుతూ ఉండాలి. దూరం పెరిగేకొద్దీ ఎక్కువ నొక్కాల్సొస్తుంది.

మూడోది బొటనవేలు. అందరూ పటకారులా వెనకనుంచి పిండుతారు. పది నిమిషాలకల్లా బొటనవేలి మొదలు దగ్గర పీకుడు మొదలవుతుంది. నేను పిల్లల చేత చేయించే పని ఒకటుంది. కుడి ముంజేత్తో గిటార్‌ను ఒంటికి అదిమి పట్టుకోమంటాను, ఎడమ బొటనవేలు మెడ మీంచి పూర్తిగా తీసేయమంటాను, అప్పుడు ఎఫ్ పట్టమంటాను. చేతి బరువుతో వెనక్కి లాగితే చాలు, పలుకుతుంది. మొదటిసారి విన్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి! తర్వాత బొటనవేలిని మధ్యవేలికి ఎదురుగా, ఊరికే ఆనించి ఉంచితే సరిపోతుంది.

మొదటి ఫ్రెట్‌లోనే మొదలుపెట్టాలని రూలేం లేదు. మామూలు గిటార్ మీద మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 36 మిల్లీమీటర్లు, ఐదోది 29. పైగా మొదటి ఫ్రెట్ నట్ పక్కనే ఉంటుంది కాబట్టి తీగ అక్కడ బిర్రుగా ఉంటుంది. అదే ఆకారం ఐదో ఫ్రెట్‌లో పడితే ఎ మేజర్. అక్కడ వారం రోజులు, తర్వాత మూడో ఫ్రెట్, ఆఖర్న ఒకటి. కిందినుంచి పైకి ఎక్కించే పాఠాలు ఎవరు కనిపెట్టారో గానీ పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్లు మాత్రం కాదు.

సి నుంచి ఎఫ్‌కి వెళ్లేటప్పుడు చెయ్యంతా ఎత్తేస్తారు. అవసరం లేదు. సి‌లో ఉంగరపు వేలు ఐదో తీగ మూడో ఫ్రెట్‌లో ఉంటుంది కదా, ఎఫ్‌లోనూ అక్కడే ఉంటుంది. దాన్ని కదపకండి. మధ్యవేలు నాలుగో తీగ నుంచి మూడో తీగకి, అదే ఫ్రెట్‌లో, ఒక్క అడుగు. చిటికెన వేలు నాలుగో తీగ మీద వాలుతుంది. చూపుడువేలు అన్నిటికన్నా చివర పడుకుంటుంది. ముందు బార్ వేసి తర్వాత మిగతా వేళ్లు వెతుక్కునేవాళ్లకి ఈ వరస మొదట వింతగా ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

బి మైనర్ అంటే భయపడతారు గానీ అది ఎఫ్ కన్నా నయం. చూపుడువేలు పలికించాల్సినవి ఐదో తీగ, ఒకటో తీగ, రెండే. అసలు మొండిది బి ఫ్లాట్. మూడో ఫ్రెట్‌లో నాలుగు, మూడు, రెండు తీగల్ని ఉంగరపు వేలొక్కదానితో నొక్కాలి. దాని చివరి కణుపు వెనక్కి వంగేవాళ్లకి ఒకటో తీగ కూడా పలుకుతుంది. కొందరికి వంగదు. నాకూ వంగదు. పుట్టుకతో వచ్చిన కణుపుని ఏం చేస్తాం? ఒకటో తీగని మూగగా వదిలేయండి. మిగతా నాలుగు తీగల్లో కార్డ్ మొత్తం ఉంది, ఏ స్వరమూ తగ్గదు. చూపుడువేలి కొస ఆరో తీగను ఊరికే తాకుతూ ఉంటే అదీ మోగకుండా ఆగుతుంది. మూడు వేళ్లని పక్కపక్కన ఇరికించే పద్ధతి కూడా ఉంది, సన్నని వేళ్లున్నవాళ్లు ప్రయత్నించొచ్చు.

ఇవన్నీ చేశాక కూడా పలక్కపోతే? ఇక్కడే నా తప్పు చెప్పుకోవాలి.

నాలుగేళ్ల కిందట తొమ్మిదో తరగతి కుర్రాడొకడు వచ్చేవాడు. ఐదు నెలలు ఎఫ్ దగ్గరే ఉన్నాడు. వేళ్లు ఎర్రగా కందిపోయేవి. "ఇంకా గట్టిగా" అనేవాణ్ని. ఓ రోజు వాళ్లమ్మ గారు ఫోన్ చేసి, "వాడి చేతిలో బలం లేదంటున్నాడండీ, మానిపించేస్తాం" అన్నారు. సరేనన్నాను. రెండేళ్ల తర్వాత వాడి మేనమామ కూతురు అదే గిటార్ పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఎందుకో తీసుకుని నేను ఎఫ్ పట్టాను. నాకే పలకలేదు. వాడి గిటార్‌ని ప్రతిసారీ శ్రుతి చేసిచ్చేవాణ్ని గానీ, ఐదు నెలల్లో ఒక్కసారి కూడా దాని మీద కార్డ్ పట్టి చూళ్లేదు.

నట్ ఎత్తుగా ఉంది. అంతే జబ్బు. మీ గిటార్‌కీ ఉందేమో చూసుకోవచ్చు. మూడో ఫ్రెట్‌లో తీగ నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ కమ్మీకీ తీగకీ మధ్య సందు చూడండి. వెంట్రుకవాసి ఉండాలి. స్పష్టంగా ఖాళీ కనిపిస్తే గాడి లోతు చాలలేదన్నమాట. కాపో ఉంటే మొదటి ఫ్రెట్‌కి తగిలించి, దాని పక్క ఫ్రెట్‌లో అదే ఆకారం పట్టండి. ఒక్కసారిగా వెన్నలా తేలికైతే లోపం వేలిది కాదు. గాడి మీరే అరగదీయకండి, ఎక్కువైతే తీగ బుస్సుమంటుంది. గిటార్‌లు బాగుచేసేవాళ్లకి ఇవ్వండి. ఈలోగా 12 సైజు తీగలు తీసి 11 గానీ 10 గానీ వేయించుకోండి. లేదా గిటార్ మొత్తాన్ని అర మెట్టు దించండి, బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. చర్మం మంట పర్లేదు గానీ మణికట్టులో నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి.

ఆ అమ్మాయి గిటార్ నట్ సరిచేయించాం. మూడు వారాల్లో ఎఫ్ వచ్చింది. ఆ సాయంత్రమే కుర్రాడికి ఫోన్ చేశాను. అప్పటికి ఇంటర్‌లో ఉన్నాడు. "ఒరేయ్, నీ చెయ్యి బాగానే ఉందిరా, గిటారే బాలేదు. నేను చూసుకోలేదు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు జిమ్‌లో చేరాను సార్, దానికోసమే" అన్నాడు.